బల్ల అడుగున

వేసవి సెలవుల్లో బల్లలు బాగుచేయించాలని
కరస్పాండెంటుగారు ఎట్టకేలకు సంతకం పెట్టారు.
వరండాలో వరసగా వెల్లకిలా వేశాం వాటిని,
నాలుగు కాళ్ళూ గాల్లోకి,
గుంటూరు ఎండకి సొమ్మసిల్లిన పశువుల్లా.

వడ్రంగి సుభానీ పిలిచాడు:
"మేడమ్, దీని పొట్ట మీద ఏందో రాసుంది.
మీ లెక్కల్లాగే ఉంది."

టేకు చెక్క. వందేళ్ళ పైమాటే.
వడ్రంగం పెన్సిలు, మందపాటి గీతలు:
ఎక్స్ వర్గంలోంచి ఏడు ఎక్సులు తీసేసి
పన్నెండు కలిపితే సున్నా.
కింద నాలుగు మెట్లు దిగి ఒక జవాబు,
జవాబు కింద మే. జ.

ఆఫీసు బీరువాలో చెదలు మిగిల్చిన రిజిస్టరు తీశాను.
మేకతోటి జకర్యా. తండ్రి పాలేరు.
హాస్టలు. థర్డు ఫారం.
చివరి గడిలో పొందికైన దస్తూరీ:
చేతిపని శాఖకు మార్చడమైనది, 1913.

ఆ దస్తూరీ క్లైన్ దొరది.
పెన్సిల్వేనియాలో గనికూలీల పిల్లలు
హైస్కూలు గుమ్మం తొక్కిన కాలం అది.
ఇంతమందికీ లాటిన్ దేనికని
అక్కడి పెద్దలు కమిటీలు వేశారట.
ఎవడి బతుకు ఎటో పద్నాలుగో ఏటే
తూచి చెప్పొచ్చని తేల్చారట.
ఆ తక్కెడ ఓడెక్కి మనూరొచ్చింది.

దొర మొదట న్యాయంగానే మొదలెట్టాడు:
అందరూ రోజుకో గంట చిత్రిక పట్టాలన్నాడు.
వారం తిరక్కుండా అర్జీ వచ్చింది,
కొత్తపేట ప్లీడర్లు, పట్నంబజారు షావుకార్లు,
ముప్పైరెండు సంతకాలు:
మా పిల్లలు బాడిస పట్టరు.
ఇష్టం లేనివారికి మినహాయింపు అని
దొర అర్జీ వెనకే రాసిచ్చాడు.
హాస్టలు పిల్లల ఇష్టం ఎవరైనా అడిగినట్టు
ఒక్క కాగితమూ లేదు.

దొర చెడ్డవాడు కాడు.
కలరా వచ్చిన ఏడు జకర్యా మంచం పక్కన
మూడు రాత్రులు కూర్చున్నానని డైరీలో రాసుకున్నాడు.
గంజి తాగించిన చెయ్యీ అదే,
చివరి గడి నింపిన చెయ్యీ అదే.

ఇదంతా కోపంగా చదవాలనుకున్నాను.
కుదర్లేదు.
పోయిన మార్చిలో తొమ్మిదో తరగతి కెజియాని పిలిచి
"లెక్కలు నీవల్ల కావు గానీ
కుట్టుమిషను నేర్చుకోమ్మా, అన్నం పెడుతుంది" అన్నది
నేనే.
ఆ పిల్ల తలూపింది.
ఒప్పుకుందనుకున్నాను.

మళ్ళీ బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను.
మెట్లన్నీ సరిగానే దిగాడు.
పక్కగది కిటికీలోంచి విన్న పాఠమై ఉండాలి,
చిత్రిక చప్పుడు మధ్య సగమే వినపడి ఉండాలి.
మూడూ నాలుగూ రావాలి జవాబు.
వచ్చాయి కూడా.
రెంటి ముందూ రుణం గుర్తు పెట్టాడు.

ముప్పై ఏళ్ళుగా దిద్దుతున్నాను ఇదే తప్పు,
ఎర్రసిరాతో, విసుగ్గా, ఎన్ని వందలసార్లో.
పెన్ను చేతిలోనే ఉంది.
చెక్క మీదకి వంగలేకపోయాను.

సుభానీ మూలమట్టం ఆనించి చూస్తున్నాడు:
"ఎవడు చేశాడో గానీ మేడమ్,
ఇన్నేళ్ళకీ వెంట్రుకవాసి తేడా లేదు.
మూడూ నాలుగూ అయిదు,
మా నాయన నేర్పిన కొలతే."

మూడూ నాలుగూ.
చేతికి తెలుసు వాడికి.
ముందున్న ఆ రుణమే,
ఎవరిదో, ఎవరు తీర్చాలో.

"చిత్రిక పడితే పోద్ది, పట్టమంటారా?"
వద్దన్నాను. వదులైన కాలు మాత్రం బిగించమన్నాను.

జూన్‌లో ఆ బల్ల ఏ గదిలో వేయించాలో
ఇంకా తేల్చుకోలేదు.
కెజియా వాళ్ళ ఇల్లు సంగడిగుంటలో ఎక్కడో
కనుక్కోవాలి ముందు.