తూకం మనిషి మాట

గలీసియా తీరంలో, మా అఖాతం ఒడ్డున,
పోటు తీసిన గంటకి
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని
తొంభై ఇద్దరు ఆడవాళ్ళు ఇసకలోకి నడిచేవారు.
నేను నడవలేదు. నాది కాటా.
తెచ్చింది తూచాను, రాశాను. ముప్ఫై ఏళ్ళు.
అందుకే ముందు నాకే తెలిసింది:
బకెట్లు అవే, నడుములు అవే,
అంకె మాత్రం ఏడాదికేడాది చిక్కిపోతోంది.
తెలిసీ నోరు విప్పలేదు.
కాటా మాట్లాడదు కదా అని
నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

దొసిందా సంఘానికి పెద్దయింది,
ఆ కుర్చీ ఎవరూ అడగని ఏడు.
పట్నం నుంచి వచ్చిన కుర్రాడు
గోడ మీద గీతలు చూపించాడు,
పైకెక్కేవి, కిందికి జారేవి.
వెనక వరసలో ఎవరో గురక పెట్టారు.
ఆమె లేచి ప్రొజెక్టర్ ఆపేసింది.
"బూట్లేసుకోండి," అంది.
మసక వెలుతుర్లో, తడి ఇసక మీద
చాప వెడల్పున ఒక గడి గీసి
బల్బినా చేత తవ్వించింది.
బల్బినా ఆమెకి పడని మనిషి. అందుకే ఆమె చేత.
"మీ అమ్మ కాలంలో ఇంత చోట ఎన్ని?"
"రెండు దోసిళ్ళు."
"ఇప్పుడో?"
బల్బినా అరచెయ్యి తెరిచింది.
మూడు గుల్లలు.
అందులో ఒకటి ఖాళీ.

ఆ రాత్రి ఎవరూ ఏమీ ఒప్పుకోలేదు.
ఇళ్ళకి పోయాం, అంతే.

మర్నాడు మెడలో తాడుకి
ఇనుప రింగు కట్టుకుని వచ్చింది.
ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు.
దాంట్లోంచి జారిపోయేది పసిది, వెనక్కి పోవాలి.
ఎవరికీ నీతి చెప్పలేదు.
తన బకెట్టే నా ముందు బోర్లించి
ఒక్కొక్కటీ రింగుకి పట్టి చూసింది.
నాలుగు కిలోలు కిలోంబావు అయ్యాయి.
నా పెన్ను ఆగింది.
"ఉన్నదే రాయి," అంది.
ఆ వారమంతా వాళ్ళింట్లో ఉత్త బంగాళాదుంపలే.
పక్కింటిదాన్ని, వాసన తెలుస్తుంది.

రెండు శీతాకాలాలు తూర్పు ఇసకని బీడు పెడదామంది.
ఓట్లు పెట్టాం. ఓడిపోయింది.
చెయ్యెత్తని వాళ్ళలో నేనూ ఉన్నాను.
ఓడిందని మొహం ముడుచుకోలేదు, ఇల్లిల్లూ తిరిగింది,
చెప్పడానికి కాదు, వంటింటి బల్ల మీద కూర్చుని వినడానికి.
ఎవరి అప్పు ఎంత,
ఎవరి మోకాలు ఎన్నో మెట్టు దగ్గర పట్టేస్తుంది,
పాత కేలండర్ వెనక రాసుకుంది.
"ఇల్లూ ఒళ్ళూ గుల్ల చేసుకుని గుల్లలేరాం,
ఇప్పుడు అవీ వద్దంటావా?" అంది ఎర్మితాస్.
దొసిందా దగ్గర జవాబు లేదు.
లేదనే చెప్పింది.
మూడు నెలలకి వలలు బాగుచేసే పని పట్టుకొచ్చింది,
కూలి తక్కువే.
రెండోసారి నాలుగు చేతులు ఎక్కువ లేచాయి.
నాది అందులో లేదు.

రాత్రి కాపలాకి దొరికిన దొంగ
ఆమె తమ్ముడు సిప్రియానే.
ఏం చేస్తుందా అని ఊరంతా కిటికీల్లో నిలబడింది.
జరిమానా కట్టించింది, అందరికీ ఎంతో అంత.
మర్నాడు కాపలా జాబితాలో మొదటి పేరు వాడిదే.
"దొంగదారులు వాడికి తెలిసినట్టు
మనకెవరికి తెలుసు?"

ఆ ఏడు చల్లిన పిల్లగుల్లలు సగం చచ్చాయి.
వానలకి ఏరు పొంగి మంచినీళ్ళు కమ్మేశాయి.
వారం రోజులు కంపు.
సభలో లేచి, "ఆ చోటు ఎంచింది నేను," అంది.
వాన మీదో, ఏటి మీదో
ఇంకో వాక్యం వస్తుందని చూశాం.
రాలేదు. కూర్చుంది.
నిజం చెప్పాలంటే
నేను ఆమె వైపు తిరిగింది అప్పుడు,
గెలిచినప్పుడు కాదు.

ఇప్పుడు పెద్ద బల్బినా. పోట్లాట మానలేదు.
ఇసక ఇస్తోంది, మునుపంత కాదు.
గట్టెక్కామా అని అడిగితే
దొసిందా నీళ్ళకేసి చూసి, "ఇంకా తెలీదు," అంటుంది.
కుర్చీ దిగిన రోజు
రింగు నా కాటా మీద పెట్టి వెళ్ళింది.
అలవాటు కొద్దీ తూచాను. పదకొండు గ్రాములు.
ఎవరి పేరు కింద రాయాలో తోచక
పుస్తకం తెరిచే ఉంచాను.
బయట పోటు తీస్తోంది,
బూట్ల చప్పుడు.