నాడి చూసే పట్టు

నైట్ డ్యూటీ దిగి, హనుమంతవాక దాటి,
ముడసర్లోవ రోడ్డెక్కేసరికి
స్కూటీకి అడ్డంగా కట్టిన బ్యాగులో
పదకొండు కర్రలూ గలగలమంటాయి.
ఎముకల డాక్టరుగారు నడుం పట్టేసి మానేసిన సెట్టు.
"అటకమీద తుప్పు పట్టేకన్నా నీ దగ్గరుండనీ" అని
నాకిచ్చారు, యాభై రెండేళ్ళ స్టాఫ్ నర్సుకి.
కొండ కింది ఆ పచ్చటి నేలమీద
నాకన్నా కొత్తవాళ్ళు ఎవరూ లేరు.

మొదటి బుట్ట, యాభై బంతులు.
ముప్పై ఒకటి ఉన్నచోటే ఉన్నాయి.
గాలిని మాత్రం బాగా కొట్టాను.
పక్క చాపమీది నేవీ కుర్రాడు
చూడనట్టు కనపడ్డానికి
షూలేసు నాలుగుసార్లు కట్టుకున్నాడు.

దాలమ్మ చూసింది.
తుంగ పీకే దాలమ్మ. ఇరవై రెండేళ్ళుగా
వంగిన నడుంతోనే ఈ ఊరి ఊపులన్నీ చూసిన మనిషి.
"ఏటమ్మా, పాముని సంపుతున్నావేటి?
పట్టు ఒగ్గు. కుసింత ఒగ్గు."
ఎంత వదలాలో తెలీక మొత్తం వదిలాను.
కర్ర ఎగిరి బంతికన్నా దూరం పడింది.
నవ్వలేదు దాలమ్మ. అడిగింది:
"ఆస్పత్రిలో నాడి ఎలా సూస్తావు?"

అదీ.
రెండు వేళ్ళు, మణికట్టు మీద.
గట్టిగా నొక్కితే నాడి దాక్కుంటుంది.
ఆనించీ ఆనించనట్టుంటే అసలు దొరకదు.
ముప్పై ఏళ్ళుగా నా చేతిలో ఉన్నదే,
ఏడో నంబరు ఐరన్‌కి చెప్పడం మర్చిపోయాను.

కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళూ,
నాకన్నా ఒక నెల వెనకున్నవాళ్ళూ,
నాకు తెలిసింది ఇంతే, పట్టుకెళ్ళండి.

కొట్టాక కళ్ళతో బంతి వెంట పరిగెత్తకండి.
అది ఉండిన చోట గడ్డిని చూడండి, ఒక్క ఊపిరిసేపు.
బంతి ఎక్కడికీ పోదు. మనం తలెత్తితేనే పోదు మరీ.
పొద్దున్నే రండి. పది దాటితే
సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది,
మన తప్పంతా దానిమీద నెట్టడం అలవాటైపోతుంది.
గడ్డిచెక్క లేచొచ్చిందా, సిగ్గుపడకండి.
వెళ్ళి తెచ్చి అదే గుంటలో పెట్టి కాలితో అదమండి,
కుట్లేసిన చర్మంలా వారంలో అతుక్కుంటుంది.
అదమకుండా వెళ్ళిపోయారో,
దాలమ్మ మీ పేరు గుర్తుపెట్టుకుంటుంది.

ఇక జెండా దగ్గర, ఆ నున్నటి చోట,
పెద్ద ఆటగాళ్ళు మోకాళ్ళమీద కూర్చుని
ఒక కన్ను మూసి వాలు లెక్కలు కడతారు.
రోజూ పైపు పట్టి అక్కడ నీళ్ళు పెట్టేది దాలమ్మ.
"నీళ్ళెటెల్తే బంతీ అటే.
కొండకాడి నుంచి సంద్రంకాడికి.
ఇందులో సదువేటుందమ్మా?"

ఏదో రోజు తగులుతుంది.
నాకు మొన్న తగిలింది.
చేతికి ఏమీ తెలీలేదు, అదే గుర్తు.
ఒక్క ఊపిరి ఆగి తలెత్తితే
జీడిచెట్ల పైన తెల్లగా, తొందర లేకుండా,
నాది కానట్టు వెళ్తోంది బంతి.

చూసినవాళ్ళెవరూ లేరు.
నేవీ కుర్రాడు ఓడమీద ఉన్నాడు.
దాలమ్మ మోటారు కట్టడానికి వెళ్ళింది.
గుడ్లమీంచి లేచిన తీతువుపిట్ట ఒకటి
నన్ను నిలబెట్టి తిట్టింది.
వెంటనే ఇంకోటి కొట్టాను.
అది పాక్కుంటూ వెళ్ళి తుప్పల్లో దూరింది.

చెప్తే దాలమ్మ నమ్మిందో లేదో.
గోనెసంచిలోకి తుంగ దులుపుతూ
"అయితే రేపు రా" అంది.
"నిన్న పీకిందంతా మళ్ళీ మొలిసింది, సూడు.
నాను రావడం మానీసినానేటి?"