జూలై ఒకటి

సోహార్‌లో, లాండ్రీ దుకాణం మీది గదిలో
రాత్రి పదకొండింటికి
ఖాళీ డేటాబేస్ ముందు కూర్చున్నాను.

బిడ్డ పుట్టకముందు ఉయ్యాల కొనకూడదంటుంది మా మేనత్త.
ఇక్కడ ముందు ఉయ్యాలే.
క్యాంపు మనుషుల లెక్కకు కొత్త అప్లికేషన్,
తెరవగానే కొన్ని వరుసలు వాటంతటవే ఉండాలట.
లేకపోతే సృష్టించు. ఉంటే ముట్టుకోకు.
ఇంతే నేను రాసిన శాసనం.

దేశాలు ఆరు. పనులు పద్నాలుగు.
ఏదీ చెప్పకపోతే: హెల్పర్.
స్థితి: ఉన్నాడు.
ఆపదొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి?
ఆ గడికి ఏ డిఫాల్టూ తోచక
ఖాళీగా వదిలేశాను.

మీట నొక్కాను.
మనిషి లేని క్యాంపులో
మంచాలన్నీ వరుసగా వాలాయి.

గురువారం పాస్‌పోర్టుల జాబితా ఎక్కించాం.
తెల్లారేసరికి మేనేజరు ఫోను:
"మీ ప్రోగ్రాంలో తప్పుంది మేడమ్.
నలభై ఒక్కమంది ఒకే తారీఖున పుట్టారు."

నా తప్పే అనుకున్నా.
పుట్టిన తేదీకి డిఫాల్టు ఎక్కడ పెట్టానా అని
సీడ్ ఫైలంతా పేలు చూసినట్టు చూశాను.
లేదు.

క్యాంపుకే వెళ్లాను.
మోర్తాడ్ లింబాద్రి, స్కాఫోల్డరు,
పళ్లెం కడుగుతూ నవ్వాడు:
"మా సారు రాసిండు మేడమ్.
బడిల పేరు రాసేనాడు అవ్వను అడిగితే
'మక్కలు ఇరిసేటప్పుడు, చెరువు తెగిన యేడు' అన్నదట.
గది రిజిస్టర్ల పట్టదు గదా.
అందరికీ ఒక్కటే గీకిండు."

పక్క మంచం మీది సిరాజ్‌గంజ్ కుర్రాడు
"నాది జనవరి ఒకటి" అన్నాడు హిందీలో,
ఏదో పోటీలో ఓడిపోయినట్టు.

నాకన్నా ముందే ఒకాయన
వరండాలో బల్ల వేసుకుని, సిరా పెన్నుతో
ఇదే స్క్రిప్టు రాసి నడిపాడు.
లేకపోతే సృష్టించు. ఉంటే ముట్టుకోకు.
ముప్పై ఏళ్లుగా ఒక్క ఎర్రరూ లేకుండా
పదో తరగతి మెమో దాకా, వీసా దాకా,
ఈ ఇనుప మంచం దాకా
నడుస్తూనే ఉంది.

ఆఫీసుకొచ్చి ఫిర్యాదు మూసేశాను:
"తప్పు కాదు. డేటాయే అలా ఉంది."

తర్వాత ఎవరూ అడక్కుండానే
పట్టికలో ఒక గడి చేర్చాను.
పేరు: గుర్తు.
డిఫాల్టు: ఏమీ లేదు.
లింబాద్రి వరుసలో నేనే టైపు చేశాను,
మక్కలు ఇరిసేటప్పుడు, చెరువు తెగిన యేడు.

మిగతా నలభైమందిని ఇంకా అడగాలి.
ఈ శుక్రవారం వాళ్లకు ఓవర్‌టైము ఉందట.