మొదటి డ్రాప్

అరండల్‌పేట, మూడో అంతస్తు.
రెండొందల ఒకటి ఆట, ఇంకా రెండో పంపకమే.
ఇస్పేటు ఏడూ ఎనిమిదీ పక్కపక్కనే ఉన్నాయి,
తొమ్మిది ఎవరి చేతిలో ఉందో.

పారేస్తే పాతిక.
ముక్క తీసి పారేస్తే యాభై.
ఆడి ఓడితే ఎనభై.
గెలిస్తే సున్నా,
గెలుపంటే ఇక్కడ ఏమీ రాకపోవడమే.

యార్డు దుమ్ముకి గరుకెక్కిన గొంతుతో
పున్నారెడ్డి గారు:
"తేల్చవయ్యా, టీ చల్లారుతోంది."

పోయినేడు తేజ మిర్చి ఇరవై వేలు దాటితే
ఇరవై రెండొస్తుందని
నూటపది టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో దాచినవాణ్ణి.
ఆ తొమ్మిది రాలేదు.
అద్దె మాత్రం నెలనెలా వచ్చింది.

"మొదటి గంటలో ఎవడూ గెలవడ్రా,
పోవడం మాత్రం పోవచ్చు"
అనేవాడు నాగభూషణం మావయ్య.
నిజమే. ఆయన ఎప్పుడూ ఎనభై తినలేదు.
పారేసి, పారేసి,
పాతికలు పాతికలుగానే నిండిపోయాడు,
ఒక్క ఆటా చూడకుండా.

కన్ను దురద.
పొద్దున కాయలు తుంచిన వేళ్లు,
నలుపుకోకూడదు.
ఆ వేళ్లే పేకమీద ఆన్చాను.

తీశాను.
ఆటీను రెండు.

పున్నారెడ్డి గారు చల్లటి టీ
ఒక్క గుక్కలో తాగేశారు.