నాలుగు గీతల తలుపు

ఆ ఏడు తుపాన్లకు పెట్టడానికి
మనుషుల పేర్లు చాల్లేదట.
అక్షరాలు పెడుతున్నారని రేడియోలో విని
డోన్ నికనోర్ నవ్వాడు:
"మనకేం, చదువురాని వాళ్లం. మనల్ని పోల్చుకోలేదు."

పోల్చుకుంది.

చమెలెకోన్ నది మా ఇంటికి ఎప్పుడూ
పెరటివైపు నుంచే వచ్చేది, అప్పుకొచ్చిన పొరుగామెలా.
గుమ్మంలో కాసేపు నిలబడి
ఓ చెప్పుల జత పట్టుకుని వెళ్లిపోయేది.
ఈసారి కిటికీలోంచి వచ్చింది,
అరటితోట మొత్తాన్ని నెత్తిన పెట్టుకుని.
నీలం సంచులు తొడిగిన గెలలు
ఒకదాని వెనక ఒకటి
కంపెనీకి లెక్క చెప్పకుండా పోతున్నాయి.

రాత్రి రెండింటికి కట్ట తెగింది.
ముందు వినపడింది చప్పుడు కాదు,
కుక్కలన్నీ ఒక్కసారి అరవడం మానేయడం.

విల్మెర్ తలుపు బందులు ఊడదీశాడు,
చీకట్లో, కూరగాయల కత్తితో.
దాని మీద మా అత్త ఎవరిస్తాను పడుకోబెట్టాం.
ఎనభై రెండేళ్ల మనిషి,
"నన్ను చెక్క మీద మోసేది చచ్చాక కదా" అని గొణుగుతూ
నా కుట్టుమిషను తలను పొట్ట మీద వాటేసుకుంది.
మెడలోతు నీళ్లలో తోసుకుంటూ పోయాం
బడి మిద్దె దాకా.
అత్త దిగింది. మిషను దిగింది.
తలుపు నా చేతిలోంచి జారింది.
పోతే పోయిందిలే,
ఇల్లే లేనప్పుడు తలుపెందుకు అన్నాను.

అబద్ధం. ఇల్లు ఉంది.
తొమ్మిదో రోజు వెళ్లి చూస్తే
నడుము దాకా బురద,
సొరుగులో నా కత్తెర పక్కన ఓ చేప.
పార అద్దె రోజుకి నలభై లెంపీరాలు.
ఎత్తాం. పోశాం. కడిగాం.
గుమ్మానికి దుప్పటి కట్టాం.
చీపురు కడిగి మూల నిలబెట్టిన సాయంత్రమే
రేడియో ఇంకో అక్షరం చదివింది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటారే,
మాకు గోరు కూడా మిగల్లేదు.

రెండోసారి ఎవరూ ఏడవలేదు.
షిఫ్టుకు వెళ్తున్నట్టు మిద్దె ఎక్కాం,
ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నాం.

ఇప్పుడు హైవే నడుమ, డివైడరు మీద
నల్ల పట్టా కింద ఉంటున్నాం.
ఎడమన లారీలు ఊరికి, కుడిన లారీలు రేవుకి.
అత్త లారీలు లెక్కపెడుతుంది.
వందకోసారి "మనవి కావు" అంటుంది.

నిన్న బియ్యం పంచుతున్నారంటే
యెస్లీని వెంటబెట్టుకుని వంతెన దాకా నడిచాను.
బియ్యం అయిపోయాయి.
అక్కడొకావిడ, మా కాలనీ మనిషి కాదు,
ఇటుకల మీద తలుపు పరిచి
మొక్కజొన్న రొట్టెలు తడుతోంది.

ఆకుపచ్చ తలుపు.
గొళ్లెం ఊడిన చోట నేను మేకు కొట్టిన సీసా మూత.
అంచున నాలుగు పెన్సిలు గీతలు:
నాలుగేళ్లప్పటి యెస్లీ, ఐదు, ఆరు, ఏడు.

"అమ్మా, అది మన..." అంది పిల్ల.
చెయ్యి నొక్కాను.

బల్ల కింద ముగ్గురు పిల్లలు, మడతపెట్టిన దుప్పటి.
రాత్రుళ్లు ఆ తలుపే మంచమని
ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎన్ని?" అందావిడ.
నీళ్లు నమిలాను.
ఇన్నాళ్లూ అవి మమ్మల్ని నమిలాయి కదా.
"రెండు."

రొట్టె తిరగేస్తూ ఆవిడే అంది,
"కొట్టుకొచ్చింది ఇది. మా పెద్దాడు ఈది పట్టుకున్నాడు.
ఎవరో పిల్లను కొలుచుకున్నారు, చూడు.
ఆ అంచు మాత్రం నేను తుడవను.
ఉందో, లేదో."

లారీ ఒకటి మా ముగ్గురి మీదా బురద చిమ్మి పోయింది.
ఆవిడ పిండి మీద చేతులు అడ్డం పెట్టింది.
నేను పిల్లకు అడ్డం పెట్టాను.

"ఉంది" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది.
నోటినిండా రొట్టెతో నిలబడ్డ యెస్లీని చూసింది,
కాళ్ల నుంచి తల దాకా, మెల్లగా,
బట్ట కొలిచినట్టు.

మూడోది కాగితంలో చుట్టి ఇచ్చింది.
డబ్బులివ్వబోతే
చేతికి పిండి ఉందంది.