ఎక్కువుంటే ఎక్కడుంది

కాగితం మీద అచ్చయి వచ్చింది:
భాస్వరం – అధికం.
ఇజ్జురోతు దాలమ్మ ఆ మాట నాచేత రెండుసార్లు చదివించుకుని
చెంగుముడి విప్పి, నలిగిన ఆకొకటి బల్ల మీద పెట్టింది.
చోడి ఆకు.
అంచులు నేరేడుపళ్లు తిన్న నాలికలా ఉన్నాయి.
"ఎక్కువుంటే ఎక్కడుంది బాబూ?"

విజయనగరం కంటోన్మెంటు వెనకాల రేకుల గదిలో
పదకొండేళ్లుగా సీసాలు కడిగేవాణ్ణి నేను.
జవాబు చెప్పాల్సింది మేడమ్.
మేడమ్ ఆవేళ సెలవు.
నాకు తెలిసింది చెప్పాను:
ఎర్రమట్టి కదమ్మా, ఇనుముంటాది.
నువ్వేసిన డీఏపీ అంతా
ఆ ఇనుము వాటేసుకుని కూకుంది.

"అంటే సావుకారి పెట్టిలో
నా పుస్తెల్తాడులాగన్నమాట," అంది దాలమ్మ.
"ఉన్నాది. నాదే. మెళ్లో నేదు."

ఆ వారమే మెంటాడ వైపు ఆమె గరువుకి వెళ్లి
వేళ్లకంటిన మట్టి తెచ్చారు మేడమ్.
ఒక్క గ్రాము. నీళ్లలో కలిపి పదింతలు పలచన చేసి,
మళ్లీ పదింతలు, మళ్లీ,
పాలు విరిగి గడ్డకట్టినట్టున్న తెల్లటి పళ్లెంలో ఒక చుక్క.
ఆ తెలుపంతా కరగని సున్నపు భాస్వరం.
మూతపెట్టి, పేరు రాసి,
వెచ్చటి పెట్టెలో పడుకోబెట్టాను.

నాలుగోనాడు
ఆవగింజలంత మచ్చలు.
తొమ్మిదింటి చుట్టూ తెలుపు మాయమై
గుండ్రంగా, అద్దంలా, ఖాళీ.
కింద పరిచిన పాత పేపరు ఆ ఖాళీల్లోంచి కనబడుతోంది:
ఒకదాంట్లో "నువ్వుల ధ",
ఇంకోదాంట్లో "ర్షం".
స్కేలు చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయాను.

పులుపు. వాటి దగ్గరున్నది అంతే.
మా అమ్మ తరవాణి కుండలో రాత్రంతా జరిగేదే.
చింతపండు ముద్ద బిందె మీది చిలుము కొరికినట్టు
రాయిని కొరుకుతాయి.
పలుగు లేదు, గునపం లేదు,
తాళం వేసినవాణ్ణి బతిమాలడం లేదు.
పుణ్యానికి కాదులెండి, వాటి ఆకలి వాటిది.
వేరు కాస్త తీపి విదిలిస్తుంది,
ఇవి తిన్నంత తిని, ఒలికినంత ఒలికి,
చచ్చాక ఒంట్లో దాచుకున్నది కూడా అక్కడే వదిలేస్తాయి.
ఈ పద్దులో వడ్డీ ఎక్కడా నాకు దొరకలేదు.

ఒక్క మచ్చని సూదితో ఎత్తి గొట్టంలో దాచారు మేడమ్.
మిగతావాటిని ఆవిరి డబ్బాలో పెట్టి చంపడం నా పని.
ఏనాడూ లేనిది
మూత బిగించేటప్పుడు చెయ్యి ఆగింది.

"పళ్లెంలో సున్నాన్ని కరిగించింది
పొలంలో ఇనుముని కరిగిస్తుందా మేడమ్?"
"చూద్దాం," అన్నారు.
చూద్దాం అని రాయడానికి మా ఫారంలో గడి లేదు.

ఏడాది తిరిగాక, బొగ్గుపొడిలో కలిపిన పొట్లం.
దాలమ్మ దాన్ని గెత్తంలో కలిపి, తడి చల్లి, గోనె కప్పి,
పొద్దువాలాక జల్లింది.
డీఏపీ ఒక బస్తా తగ్గించింది.
తగ్గించిన రాత్రి నిద్దర పట్టలేదట.

భాద్రపదంలో బస్సు దిగి గరువెక్కాను.
చోడి పచ్చగానే ఉంది.
కొండవార మూల రెండు సాళ్లు మాత్రం
ఇంకా నేరేడు రంగులోనే.
"నీ పొట్లమో, ఈయేటి వానో, ఎవులికెరిక.
బస్తా డబ్బులైతే మిగిలాయి."
మెడకేసి చూశాను. పసుపుతాడే.

ఆ రెండు సాళ్లలోంచి ఒక మొక్క పీకి,
వేళ్లని పట్టుకున్న మట్టి దులిపి,
మోదుగాకులో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.
"ఇక్కడెందుకు పన్జెయ్యనేదో
ఆటినే అడుగు."

పేరు రాద్దామంటే పెన్ను లేదు.
బస్సు టిక్కెట్టు చుట్టి
జేబులో వేసుకున్నాను.