నలుపు ధర

జయనగర్ నాలుగో బ్లాకులో, మిఠాయి కొట్టు పైన
కిటికీల్లేని గది.
గోడలకు మసి రంగు గుడ్డ, కాళ్ళ కింద మసి రంగు తివాచీ.
నెయ్యి వాసన మాత్రం మెట్లెక్కి వచ్చేసింది.

లోహిత్ అనే కుర్రాడు
మూడు మిషన్లను వరసగా పెట్టి
పెళ్ళిచూపుల్లో మేనత్తలాగా
ఒక్కోదాని గుణగణాలు చెబుతున్నాడు.
"ఇది లేజర్ మేడం, ఇరవై వేల గంటలు గ్యారంటీ.
ఇది పట్టపగలు కూడా కనబడుతుంది.
ఇక ఇది..." అని గొంతు తగ్గించాడు,
ధర చెప్పేముందు అందరూ తగ్గించే గొంతు.

ఓబులేసు ఫోనులో పట్టిక తెరిచాడు.
ఆర్నెల్లుగా నింపుతున్నాడు దాన్ని:
ల్యూమెన్లు, లెన్సు షిఫ్టు,
ఫ్యాను చప్పుడు ఎన్ని డెసిబెల్సు.
పెళ్ళికి ముందు నా గురించి
ఇందులో పావు వంతు విచారించి ఉండడు.

నాకు తెలిసింది ఒకటే పని.
పొద్దున ఎనిమిదింటికల్లా నీడ పడని దీపాల కింద నిలబడి
"పది నుంచి వెనక్కి లెక్కపెట్టమ్మా" అంటాను.
ఏడు దగ్గర అందరూ వెళ్ళిపోతారు.
నేను మాత్రం ఆ వెలుగులోనే
వాళ్ళ ఊపిరికి కాపలా.
రాత్రి కళ్ళు మూసుకున్నా రెప్పల వెనక
తెల్లగా, గుండ్రంగా, ఆరని ఆ దీపాలే.

అందుకే అడిగాను:
"ఏ బొమ్మా వద్దు బాబూ,
నలుపు చూపించు."

వాడు నవ్వలేదు. అది నచ్చింది నాకు.

మొదటిదాని నలుపు
చల్లారిన కుంపట్లో బూడిద.
ఏమీ లేదంటూనే ఏదో దాచినట్టు దొరికిపోయే మొహం.
రెండోది నయం, ఇనప మూకుడు అడుగు,
దగ్గరికెళితే సన్నని నీలం జీర.
మూడోది వేసేసరికి
గోడ ఎక్కడుందో తెలియలేదు.
చెయ్యి చాపితే ఓబులేసు భుజం తగిలింది.
ఆ నలుపులో ఓ మూలన
అగ్గిపుల్లంత వెలుగు వెలిగించాడు లోహిత్.
చుట్టూ చీకటి ఉలకలేదు, పలకలేదు.

"ఎంత?"
"పద్దెనిమిదిన్నర మేడం. జీఎస్టీ వేరే."
కింద ఎవరో మైసూర్‌పాక్ తూకం తక్కువైందని
కన్నడంలో దెబ్బలాడుతున్నారు.

"మీ హాలు గోడలు ఏ రంగు?"
"తెలుపు."
"సీలింగు?"
"అదీ తెలుపే."
కుర్రాడు నిట్టూర్చాడు.
తెర మీది వెలుగు గోడకి తగిలి వెనక్కొస్తుందట,
కొన్న నలుపంతా కడిగేస్తుందట.
"ముందు చీకటి గది ఉండాలి మేడం, మిషను తర్వాత."
మాది బెళ్ళందూరులో తొమ్మిదో అంతస్తు.
ఎదురు టవరు తన పేరు తాను
తెల్లవార్లూ ఎర్రగా రాసుకుంటూనే ఉంటుంది.

అప్పుడు పోయింది కరెంటు.
యూపీఎస్ రెండుసార్లు కీచుమని అదీ ఊరుకుంది.
ఫ్యాన్లు ఆగాయి. మూడు మిషన్లూ ఒక్కటే అయిపోయాయి.
ఊరికే వచ్చిన చీకటి, రసీదు లేని చీకటి.
పది, తొమ్మిది, ఎనిమిది...
ఎవరి ఊపిరీ నా చేతిలో లేదు.
ఏడు దాటాను, ఆరు దాటాను,
నాలుగు దగ్గర ఓబులేసు గొంతు:
"జనరేటర్ లేదా మీకు?"

రెండోదే కొన్నాం.
మిగిలిన డబ్బులో ఎనిమిది లీటర్ల రంగు.
పెయింటర్ సాదిక్ డబ్బా మూత తీసి
లోపలికి చాలాసేపు చూశాడు.
"హాల్లో నలుపా అమ్మా? చుట్టాలొస్తే?"
చివరికి మనసొప్పక
చెప్పకుండా చారెడు నీలం కలిపేశాడు.
నేనూ చూడనట్టే ఊరుకున్నాను.

మొదటి రాత్రి ఏ సినిమా వేశాడో తెలియదు.
పేర్లు పడుతుండగానే నిద్రపోయానట.
పొద్దున టీ కాస్తూ అతని ఫోను చూశాను,
ఆ పట్టికలో ఓ కొత్త వరస:
ఫ్యాను చప్పుడు — వసుంధరకు వినబడలేదు.